కదలని బొమ్మ

ఆఫీసులో ఆమెను అందరూ గంటలమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసినా కోపం తెచ్చుకునేది కాదు, ఎందుకంటే ఆ పేరులో అబద్ధమేమీ లేదు. టీవీ చానళ్లలో బొమ్మనూ మాటనూ మోసే యంత్రాలకు గంటలు కట్టడమే ఆమె పని.

టీవీ చూసేవాళ్లకు రిమోటు తప్ప మరోటి తెలియదు. స్టూడియోలో వార్తలు చదివే అమ్మాయి మొహం మన గోడ మీదికి చేరేలోపు ఎన్ని ఇనప పెట్టెల్లో దూరి బయటికి రావాలో, వాటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఆ మొహం ఏమైపోతుందో ఎవరికి కావాలి? ఒక పెట్టెలో ఫ్యాను ఆగిపోతుంది. ఒకదానికి ఒళ్లు వేడెక్కుతుంది. ఒకదానిలో బొమ్మ నల్లబడుతుంది, ఇంకోదానికి మాట పడిపోతుంది. అలాంటప్పుడు ఆ పెట్టె నెట్‌వర్క్ మీదుగా ఎవరికి కబురు చేయాలి, ఏమని చేయాలి, చేసే ముందు ఎంతసేపు ఓపిక పట్టాలి అన్నవి దానికి ముందే నేర్పిపెట్టాలి. గంటలమ్మ నేర్పేది అదే. ఆమె నేర్పిన పెట్టె తనకు జబ్బు చేసిందంటే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్లలో మోగుతుంది. ఎవరో ఒకరు 'చూశాను' అన్న బటన్ నొక్కేదాకా, లేదా జబ్బు దానంతటది తగ్గేదాకా మోగుతూనే ఉంటుంది.

జబ్బు చేసిన పెట్టె అరుస్తుంది, సరే. చచ్చిపోయిన పెట్టె ఎలా అరుస్తుంది? అందుకని ప్రతి పెట్టె చేతా అప్పుడప్పుడూ 'ఉన్నాను' అని చిన్న కబురు పంపించేది గంటలమ్మ. ఆ కబురు రావడం మానేసిందంటే అదే అలారం. "అరుపులకి భయపడకండి, అరవనప్పుడు భయపడండి" అని వెళ్లిన ప్రతి చానల్లోనూ చెప్పేది. వినేవాళ్లు తలూపి, ఆమె గుమ్మం దాటగానే మరిచిపోయేవారు. తర్వాత పీకల మీదికి వచ్చినప్పుడు మళ్లీ ఆమెకే ఫోన్ చేసేవారు.

నిశ్శబ్దమంటే ఉన్న ఈ భయం ఆమెకు ఉద్యోగంతో వచ్చింది కాదు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే అమ్మా నాన్నా పోతే మేనత్త తెచ్చుకుని పెంచింది. మేనత్తకు పెళ్లి లేదు, పిల్లల్లేరు, కుట్టుమిషను ఉంది. ముందు గదిలో మిషను, వెనక గదిలో పుస్తకాల ముందు పిల్ల. మిషను టకటకలాడుతున్నంతసేపూ పిల్ల బుద్ధిగా చదువుకునేది. దారం తెగో సూది విరిగో ఆ చప్పుడు ఆగిందంటే పిల్ల చదువూ ఆగిపోయేది. ఇద్దరు మనుషులు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన ఇంటి పిల్ల కదా, మూడో మనిషి కూడా అలాగే వెళ్లిపోయిందేమోనని దాని అనుమానం.

"అత్తా?" అని కేక పెట్టేది.

"ఉన్నానే, నీ పని చూసుకో" అని ముందు గదిలోంచి జవాబు వచ్చేది.

నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నా సరే, పళ్ల సందుల్లోంచి ఆ మాట అనేది మేనత్త. ఒక్క సాయంత్రంలో ఎన్నిసార్లు పిలిచినా అన్నిసార్లూ అనేది. విసుక్కోలేదు. నన్నడిగితే గంటలమ్మ ఆ ఉద్యోగం నేర్చుకున్నది కాలేజీలో కాదు, ఆ వెనక గదిలోనే.

పిల్ల పెద్దదై, పెళ్లయి, మేనత్తను తన ఇంటికే తెచ్చుకున్నాక ఒకరోజు ఆ పెద్దామె కాజాలు కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి సూది ఆపింది.

"చావంటే నాకు భయం లేదే. ఒక్కదాన్నే పోవాలంటేనే భయం. నా ప్రాణం పోయేటప్పుడు నువ్వు దగ్గరుండు. చెయ్యి పట్టుకోకపోయినా పర్లేదు, నన్ను చూస్తూ ఉండు, చాలు."

"ఇప్పుడెందుకత్తా ఆ మాటలు?"

"మాటివ్వమంటే ఇవ్వవే పిల్లా. ఖర్చేముంది?"

ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది గానీ, ఇచ్చిన మాటను ఆ రోజు నుంచీ గుండెలో ముల్లులా మోసింది.

తర్వాత కొన్నాళ్లకు మేనత్తకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క మొత్తం చచ్చుబడి, మాట పడిపోయింది. కుడిచేతి చూపుడువేలు మాత్రం చెప్పినట్టు వినేది. డాక్టరు గంటలమ్మను వరండాలోకి పిలిచి, మరోసారి వస్తే తట్టుకోలేదని, అది ఎప్పుడైనా రావచ్చని మెల్లగా చెప్పాడు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. భర్త ప్రెస్సులో పనిచేస్తాడు, ఇద్దరూ సంపాదిస్తేనే నెల చివరికి ఊపిరాడుతుంది. పగటిపూట ఒక ఆయాను పెట్టుకున్నారు. ఆమె మంచిదే గానీ, మధ్యాహ్నం బడి నుంచి తన పిల్లను తెచ్చుకోవడానికి వెళ్లేది. మిగతా సమయమంతా వంటింట్లో ఉందో వీధి గుమ్మంలో ఉందో ఎవరు చూడొచ్చారు?

అప్పుడు గంటలమ్మ తనకు వచ్చిన పనే చేసింది. ఆఫీసులో పక్కన పడేసిన పాత కెమెరా ఒకటి, బొమ్మను నెట్‌వర్క్ మీద పంపే పాత పెట్టె ఒకటి పైవాళ్లనడిగి ఇంటికి తెచ్చింది. కెమెరాను మంచం ఎదురుగా అలమార మీద పెట్టి, మేనత్త మొహం, ఛాతీ, మంచిచెయ్యి కనిపించేలా తిప్పింది. బొమ్మ కదులుతోందా లేదా అని పెట్టె ఎలా కనిపెడుతుందంటే, ఇప్పటి బొమ్మనూ ఇందాకటి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. రెండింటికీ తేడా ఉంటే బొమ్మ బతికున్నట్టు. తేడా లేకపోతే బిగుసుకుపోయినట్టు. దుప్పటి ఊపిరితో లేచి పడటాన్ని కూడా తేడాగా లెక్కపెట్టేంత సున్నితంగా దాన్ని తీర్చిదిద్దింది. ఎంతసేపు కదలకపోతే అరవాలో చెప్పింది. అరిచేటప్పుడు 'అత్త కదలడం లేదు, వెళ్లి చూడు' అని తన ఫోనుకు కబురు చేయమంది. బొమ్మ మళ్లీ కదలగానే ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడూ, అంతా బాగున్నట్టు ఇంకో కబురు పంపమంది. ఆ రెండో కబురులో ఏం రాయాలా అని ఆలోచించి, చివరికి చిన్నప్పటి మాటే రాసింది. ఉన్నానే, నీ పని చూసుకో.

కెమెరా నెత్తిన చిన్న ఎర్ర లైటు ఉంది. అది రోజంతా వెలిగేలా పెట్టి, మేనత్త చెవి దగ్గర వంగి చెప్పింది.

"ఆ లైటు వెలుగుతోందంటే నేను చూస్తున్నానన్నమాట. నీకేదైనా కావాలంటే వేలెత్తు. సరేనా?"

మేనత్త లైటు వంక చాలాసేపు చూసింది. తర్వాత వేలెత్తింది.

ఆ రోజు నుంచి పెద్దామె చూపు మరో చోటికి పోలేదు. పాలు పట్టేటప్పుడూ అటే, దుప్పటి మార్చేటప్పుడూ అటే. ఆయాకు ఇది నచ్చలేదు. "నాకెందుకో బెరుగ్గా ఉందమ్మా. మనం గదిలో ఉన్నా మన వంక చూడరు. దానితోనే మాట్లాడుతున్నట్టు పెదాలు కదుపుతారు" అంది. గంటలమ్మ నవ్వి ఊరుకుంది. ఆఫీసులో ఫోను తీసి చూసినప్పుడల్లా మేనత్త కళ్లు సూటిగా తన కళ్లలోకే చూసేవి. అప్పుడామెకు కొంచెం ధైర్యంగానూ, కొంచెం ఒళ్లు జలదరించినట్టూ ఉండేది. నోరు లేని మనిషి దగ్గర్నుంచి ఆ మనిషి మాటే ఫోన్లో వస్తోంది. ఒకసారి మీటింగు మధ్యలో కబురు వస్తే "సరే అత్తా" అని పైకే అనేసింది. పక్కవాళ్లు ఆమె మొహం వంక చూశారు.

మొదట్లో అలారాలు ఎక్కువే వచ్చాయి. మేనత్త గాఢంగా నిద్రపోతే ఊపిరి మరీ సన్నగా ఉండేది, దుప్పటి లేచేది కాదు, పెట్టె అరిచేది. గంటలమ్మ ఆయాకు ఫోన్ చేసేది. ఆయా ఎక్కడుందో ఎత్తేది కాదు. చేతిలోని పని అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తేది. తీరా వచ్చి చూస్తే పెద్దామె లైటు వంక చూస్తూ ఉండేది.

"ఇలాగైతే ముందు నువ్వు పోతావు" అన్నాడు భర్త. "ఆవిడ నీకు దివసం పెట్టాల్సొస్తుంది."

"మీకేం, నవ్వుతారు. మాటిచ్చింది నేను."

"నవ్వడం లేదు. పడుకున్న మనిషి పడుకున్నట్టు ఉండకపోతే గంతులేస్తుందా అంటున్నా."

ఇంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. అలారం వచ్చి ఫోను తెరిస్తే, తెర మీద మేనత్త మొహం బిగుసుకుపోయి ఉండేది. అది మేనత్త కదలకపోవడమా, ఇంటి ఇంటర్నెట్ మొండికేసి బొమ్మ రాకపోవడమా అన్నది ఎంత కళ్లు చికిలించినా తేలేది కాదు. రెండూ ఒకేలా ఉంటాయి. బతికున్న మనిషి పాత బొమ్మా, చనిపోయిన మనిషి కొత్త బొమ్మా ఒకేలా ఉంటాయని ఆమెకు అంతకుముందెప్పుడూ తట్టలేదు. తట్టాక కంటి మీద కునుకు లేదు.

ఒక సెలవురోజున దానికి మందు కనిపెట్టింది. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి, బొమ్మ మీద కుడి మూలన చిన్న గడియారం పెట్టింది. సెకన్ల అంకె తిరుగుతుంటే ఇంటర్నెట్ బాగున్నట్టు, ఆగితే ఇంటర్నెట్ ఆగినట్టు. స్టూడియోల్లో అందరూ చేసేదే, ఇన్నాళ్లూ తనకెందుకు తోచలేదా అని తనను తానే తిట్టుకుంది.

ఆ తర్వాత అలారాలు ఆగిపోయాయి.

ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆ వారం రాలేదు, మరుసటి వారమూ రాలేదు. 'ఉన్నానే' మాత్రం ఠంచనుగా వచ్చేది. మేనత్తకు నయమవుతోందని, ఇదివరకటి కన్నా బాగా కదులుతోందని గంటలమ్మ మురిసిపోయింది. మొహం తేటపడింది, ఆకలి పుట్టింది. పాత బాకీలాగా పెండింగ్‌లో ఉన్న పనులన్నీ ఒప్పుకుంది. "చూశారా, మీ నోటి చలవ" అని భర్తను ఆటపట్టించింది. ఆయా మాత్రం పెద్దమ్మగారు పొద్దస్తమానం నిద్రలోనే ఉంటున్నారని ఒకటి రెండుసార్లు అంది. గంటలమ్మ పట్టించుకోలేదు. తన పెట్టె ఒకటి చెబుతుంటే ఆయా మాట ఎవరు వింటారు? ఇన్నేళ్లూ ఊరందరికీ అరవనప్పుడు భయపడమని చెప్పిన మనిషి, తన ఇంట్లో అరుపు ఆగితే సంతోషించింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆమె మీదో, మరి దేని మీదో తెలియదు.

ఒక మధ్యాహ్నం కొత్తగా పెట్టిన చానల్లో పని పడింది. పెట్టెలన్నీ బిగించారు, గంటలు కట్టేశారు, పరీక్ష చూసుకోవాలి. వార్తలు చదివే అమ్మాయి బొమ్మను తెర మీద కావాలని ఆపేశారు. అమ్మాయి నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఫోన్లు మోగాలి, మోగలేదు. అక్కడి బట్టతల ఇంజనీరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి మేడం, మీ పెట్టె నిద్రపోతోంది? బొమ్మ బిగుసుకుపోయాక నేను వెళ్లి టీ తాగి కూడా వచ్చాను. దీనికి చీమ కుట్టినట్టైనా లేదు."

గంటలమ్మ తెర వంక ఒక్కసారి చూసి నవ్వింది.

"నిద్రపోవడం కాదండీ. మూలన మీ చానల్ గడియారం తిరుగుతోంది కదా. మొహం బిగుసుకుపోయిందని దానికేం తెలుసు? తెర మీద ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కదులుతుంటే చాలు, దాని లెక్కలో బొమ్మ బతికున్నట్టే. ఆ మూలని లెక్కలోంచి తీసెయ్యాలి, లేకపోతే మనిషి..."

మాట అక్కడే ఆగింది.

"లేకపోతే?" అన్నాడు ఇంజనీరు.

బల్ల మీద ఆమె ఫోను చిన్నగా మోగింది. ఉన్నానే, నీ పని చూసుకో.

ఎలా బయటికొచ్చిందో, టాక్సీ ఎలా ఎక్కిందో ఆమెకు గుర్తులేదు. ఫోన్లో బొమ్మ తెరిచింది. మేనత్త మొహం, తెరిచి ఉన్న కళ్లు, దుప్పటి. మూలన సెకన్ల అంకె హాయిగా తిరుగుతోంది. దుప్పటి లేస్తోందా? టాక్సీ కుదుపులకు చేతిలో ఫోనే లేచి పడుతోంది. లేచినట్టే ఉంది. లేవనట్టూ ఉంది. సిగ్నల్ దగ్గర టాక్సీ ఆగినప్పుడు ఊపిరి బిగబట్టి చూసింది. అంకె తప్ప ఇంకేదీ కదల్లేదు.

ఆయాకు ఫోన్ చేసింది. ఈసారి ఎత్తింది.

"ఎక్కడున్నావు?"

"మా పిల్ల బడి దగ్గరమ్మా. ఇప్పుడే బయల్దేరాను. పెద్దమ్మగారు పడుకున్నారు కదా అని..."

"ఎప్పట్నుంచి పడుకుంది?"

"పొద్దుట్నుంచేనమ్మా. మీరు వెళ్లిన కాసేపటికి ఆ లైటు వంక చూసి వేలెత్తారు. ఏం కావాలండీ అంటే నా వంక చూడలేదు. మీతో మాట్లాడుతున్నారు కదా, మధ్యలో నేనెందుకని బట్టలుతకడానికి వెళ్లాను. తర్వాత పాలు తెస్తే గది మసకగా ఉంది, గుమ్మంలోంచి నిద్రపోతున్నట్టే కనిపిస్తే లేపలేదు."

గంటలమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుంది. దారి పొడుగునా దుకాణాలు తెరిచి ఉన్నాయి, మనుషులు మాట్లాడుకుంటున్నారు. ఒకచోట ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నారు. టాక్సీ ముందుకెళ్లేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. "అత్తా" అంది ఆమె పైకే. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఒళ్లో ఫోను మోగింది. ఉన్నానే, నీ పని చూసుకో.

ఇంటి తలుపు తాళం తీస్తే లోపల ఏ చప్పుడూ లేదు. వాకిలి దగ్గర చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి వెళ్లింది. కిటికీ రెక్కలు దగ్గరగా వేసి ఉన్నాయి. అలమార మీద ఎర్ర లైటు వెలుగుతోంది. మేనత్త అటే చూస్తోంది. మంచిచేతి చూపుడువేలు దుప్పటి మీద నుంచి కొద్దిగా లేచి, అలాగే ఉండిపోయింది. తాకితే చల్లగా ఉంది. చాలాసేపైన చల్లదనం అది.

ఆమెకు అప్పుడు ఏడుపు రాలేదు. వేలెత్తి లైటు వంక చూస్తున్న మనిషికి, పిల్ల తనను చూస్తోందనే నమ్మకం చివరిదాకా ఉండి ఉంటుందని తోచింది. మాట నిలబెట్టుకుందనే అనుకుని ఉంటుంది. ఆ సమయంలో గంటలమ్మ మరెక్కడో ఒక పెట్టెకు ఫ్యాను ఆగితే ఎలా అరవాలో నేర్పుతోంది. ఈ సంగతి ప్రపంచంలో ఒక్క తనకే తెలుసు. ఇక ఎవరితో చెప్పుకోగలదు? మేనత్తతో అసలే చెప్పుకోలేదు. భర్తకు ఫోన్ చేసి రమ్మంది. ఎందుకని అతను అడగలేదు, గొంతు వినగానే బయల్దేరాడు.

అతను వచ్చేలోపు చేయాల్సిన పని ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. ఫోన్లోంచి కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి మూలనున్న గడియారం తీసేసింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, ఫోను పక్కన పెట్టి, మేనత్త చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. కదలకుండా కూర్చుంది. మేనత్త మొహం వంకే చూస్తూ, ఊపిరి కూడా పైకి తెలియకుండా పీలుస్తూ అలాగే ఉండిపోయింది. ఎర్ర లైటు ఇద్దరినీ చూస్తోంది. పెట్టె తనకు నేర్పినంతసేపూ ఓపిక పట్టింది.

అప్పుడు ఫోను మోగింది. ఇన్నాళ్లూ మూగబోయిన అలారం గది అదిరేలా మోగింది. అత్త కదలడం లేదు, వెళ్లి చూడు. అత్త కదలడం లేదు, వెళ్లి చూడు. ఆమె ఆ మోతను పూర్తిగా వింది. మొహం మీద కొట్టినట్టున్నా వింది. తనకు రావాల్సింది అదే, ఇప్పటికి వచ్చింది.

"చూశాను అత్తా" అంది.

ఎడమచేత్తో మేనత్త చేతిని పట్టుకునే, 'చూశాను' బటన్ నొక్కడానికి కుడిచెయ్యి చాపింది. వేలు ఫోను దాకా పోలేదు, మోత ఆగిపోయింది. ఆమె చెయ్యి కదిలింది కదా, బొమ్మ కదిలిందని పెట్టె తన లెక్క సరిచూసుకుంది. గది మళ్లీ నిశ్శబ్దంగా ఉంది. చాపిన వేలు చాపినట్టే ఉండగా తెర వెలిగి కొత్త కబురు వచ్చింది.

ఉన్నానే, నీ పని చూసుకో.